ముందు పంపకం, తర్వాతే పెంపు

నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రావచ్చు. మొదటి వరస ఎప్పటిలాగే ఖాళీగానే ఉంది.

ఈ గంటలో నేను ఒకే రకం సిస్టమ్ గురించి మాట్లాడతాను. వందలు, వేల మంది కస్టమర్ల డేటా ఒకే చోటికి వస్తుంటుంది. ఈవెంట్లు కావచ్చు, లాగ్‌లు కావచ్చు, పెద్ద పెద్ద ఫైళ్లు కావచ్చు. వచ్చింది వచ్చినట్టు క్యూలో పడుతుంది. వర్కర్లు, అంటే ఆ పని చేసే ప్రోగ్రామ్‌లు, దాన్ని తీసి, శుభ్రం చేసి, లెక్కలు కట్టి, డేటాబేస్‌లో రాస్తాయి. క్యూ అందరిదీ, వర్కర్లు అందరివీ, డేటాబేస్ కూడా అందరిదే. ఒక్కో కస్టమర్‌ని మన ఫీల్డ్‌లో టెనెంట్ అంటాం కదా, నేనూ అదే మాట వాడతాను. ఏ టెనెంట్ ఏ క్షణాన ఎంత పంపుతాడో మనకి చెప్పడు. చాలాసార్లు అతనికే తెలియదు.

ఈ సమస్య చెప్పగానే ఠక్కున వచ్చే జవాబు ఆటోస్కేలింగ్. లోడ్ పెరిగితే మెషీన్లు వాటంతట అవే పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. అమెజాన్ 2006లో సర్వర్లని అద్దెకిచ్చే ఈసీ2 తెచ్చింది, 2009లో దానికి ఆటోస్కేలింగ్ జోడించింది. అంటే ఈ ఆలోచన పాతదే, పనిముట్లు కూడా బాగా ముదిరాయి. ప్రోగ్రామ్‌లని చాలా మెషీన్ల మీద నడిపే కుబర్నెటీస్‌లో పది లైన్లు రాస్తే ఆటోస్కేలర్ వచ్చేస్తుంది. నా పేచీ దాంతో కాదు, వరసతో. టెనెంట్ల మధ్య పంపకం తేల్చకుండా ముందే ఆటోస్కేలర్ తగిలిస్తే, అసలు జబ్బు అలాగే ఉంటుంది, పైగా బిల్లు పెరుగుతుంది. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. కాగితం ఉన్నవాళ్లు తీయండి, పెద్ద లెక్కేం కాదు.

మన దగ్గర 10 వర్కర్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి సెకనుకి 125 ఈవెంట్లు చేస్తుంది. మొత్తం సామర్థ్యం సెకనుకి 1,250. మామూలు రోజు లోడ్ 1,000. అంటే 80 శాతం. అంతా ప్రశాంతంగా ఉంది. ఇంతలో ఒక టెనెంట్ తన పాత డేటా అంతా తిరిగి పంపడం మొదలుపెట్టాడు. అతని వైపు ఏదో మైగ్రేషన్ అయి ఉంటుంది. నిమిషం తిరిగేలోపు 20 లక్షల ఈవెంట్లు వచ్చి మన క్యూలో పడ్డాయి.

క్యూ ఒకటే, ముందు వచ్చింది ముందు. ఇప్పుడు ఇంకో టెనెంట్ ఒక్కటంటే ఒక్క ఈవెంట్ పంపాడు. దాని ముందు 20 లక్షలు ఉన్నాయి. 20 లక్షలని 1,250తో భాగించండి: 1,600 సెకన్లు, అంటే దాదాపు 27 నిమిషాలు. ఆ చిన్న టెనెంట్ చేసిన పాపం ఏమీ లేదు, అయినా అతని డ్యాష్‌బోర్డ్ అరగంట వెనక నడుస్తుంది. క్యూ మళ్లీ ఖాళీ అయ్యేది ఎప్పుడు? మనకి మిగులు సెకనుకి 250 మాత్రమే. 20 లక్షలని 250తో భాగిస్తే 8,000 సెకన్లు, రెండు గంటల 13 నిమిషాలు. అంతసేపూ అందరికీ ఆలస్యమే, మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంది అంతే.

సరే, ఆటోస్కేలర్ వచ్చి వర్కర్లని రెట్టింపు చేసింది అనుకుందాం. ఇప్పుడు సామర్థ్యం 2,500, మిగులు 1,500. క్యూ 22 నిమిషాల్లో తీరుతుంది. బాగానే ఉంది. కానీ ఆ 22 నిమిషాలూ ఏ సంబంధం లేని వందల మంది టెనెంట్లు వరసలో నిలబడాల్సిందే.

ఇంకో దారి చూడండి. ఒక్క మెషీన్ కూడా పెంచలేదు. క్యూని మాత్రం టెనెంట్ల వారీగా విడగొట్టి, వర్కర్లు వంతులవారీగా తీసుకునేలా చేశాం. మామూలు టెనెంట్ల 1,000 ఈవెంట్లు ఎప్పటిలాగే అయిపోతాయి, వాళ్లకి దాదాపు ఏ తేడా తెలియదు. మిగిలిన 250 మొత్తం ఆ పెద్ద టెనెంట్‌కి. అతని పని రెండు గంటల 13 నిమిషాల్లో అవుతుంది. పాత డేటా ఎక్కించుకునేవాడికి రెండు గంటలు అంటే చాలాసార్లు ఇబ్బందే కాదు. అదనంగా ఖర్చయిన డబ్బు సున్నా. ఫిర్యాదు చేసే మనిషి కూడా ఉండడు. ఇంకా త్వరగా కావాలని అతను అడిగితే, అప్పుడు మెషీన్లు పెంచుదాం. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలో కూడా అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

ఈ లెక్క ఎక్కడికి పోయినా చెప్తుంటాను. ఆటోస్కేలర్ మొత్తాన్ని చూస్తుంది, టెనెంట్‌కి కనిపించేది తన వాటా మాత్రమే. ఈ రెండింటి మధ్య ఖాళీని పూడ్చేది పంపకమే.

ఇప్పుడు ఆటోస్కేలర్ ఎంత త్వరగా స్పందిస్తుందో చూద్దాం. కుబర్నెటీస్‌లో పాడ్‌ల, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ కాపీల, సంఖ్యని పెంచే తగ్గించే కంట్రోలర్ మామూలుగా 15 సెకన్లకోసారి లెక్క చూస్తుంది. దానికి అందే మెట్రిక్, అంటే కొలత, అప్పటికే కొంత పాతబడి ఉంటుంది. పాడ్ కావాలని తేల్చాక, నోడ్‌లో, అంటే ఉన్న మెషీన్‌లో, చోటు ఉంటే సరే, లేకపోతే కొత్త మెషీన్ లేవాలి. అందులోకి ఇమేజ్, అంటే ప్రోగ్రామ్ మూట, దిగాలి. ప్రాసెస్ మొదలవ్వాలి, కనెక్షన్లు తెరుచుకోవాలి, క్యాష్, అంటే చేతికందేలా దాచుకునే డేటా, నిండాలి. జావాలో రాసింది అయితే మొదటి కొద్దిసేపు కుంటుతూ నడుస్తుంది. కాఫ్కా అనే క్యూ నుంచి చదివే కన్స్యూమర్ అయితే రీబ్యాలెన్స్, అంటే క్యూ భాగాలైన పార్టిషన్లని కన్స్యూమర్ల మధ్య తిరిగి పంచడం, కూడా జరగాలి. పాత పద్ధతిలో రీబ్యాలెన్స్ జరిగినంతసేపూ ఆ గ్రూపులో ఉన్న కన్స్యూమర్లన్నీ చేతులు కట్టుకుని కూర్చునేవి. 2019లో 2.4 వెర్షన్‌తో కోఆపరేటివ్ పద్ధతి వచ్చాక, చేతులు మారే పార్టిషన్లు మాత్రమే ఆగుతున్నాయి. మీ దగ్గర ఇంకా పాత పద్ధతే నడుస్తుంటే, లోడ్ పెరిగిన క్షణంలోనే మీరు మొత్తం పని ఆపేస్తున్నారన్నమాట. ఇంటికి వెళ్లాక ఆ సెట్టింగ్ ఒకసారి చూసుకోండి.

ఇవన్నీ కలిస్తే మూడు నాలుగు నిమిషాలు ఇట్టే అయిపోతాయి. ఉప్పెన తొంభై సెకన్లే ఉంటే ఏమవుతుంది? కొత్త మెషీన్లు వచ్చేసరికి అది వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి మొదటి నాలుగు నిమిషాల బాధ్యత ఆటోస్కేలర్‌ది కాదు. ఆ సమయాన్ని దాటించాల్సింది క్యూ, పంపకం, ముందుగా ఉంచుకున్న మిగులు.

మిగులు ఎంత ఉండాలన్న ప్రశ్నకి జవాబు వందేళ్ల కిందటి నుంచి ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితజ్ఞుడు 1909లోనే కాల్స్ రాక మీద లెక్కలు ప్రచురించాడు. క్యూయింగ్ సిద్ధాంతం అక్కడి నుంచే మొదలైంది. అందులో అన్నింటికన్నా సులువైన నమూనా తీసుకుంటే, ఒక పనికి పట్టే మొత్తం సమయం ఇలా పెరుగుతుంది: ఖాళీ సిస్టమ్‌లో 10 మిల్లీసెకన్లు పట్టే పని, 50 శాతం లోడ్ దగ్గర 20 అవుతుంది. 80 దగ్గర 50. 90 దగ్గర 100. 95 దగ్గర 200. 80 నుంచి 95కి వెళ్లడం మేనేజర్ గారికి పొదుపులా కనిపిస్తుంది, టెనెంట్‌కి మాత్రం నాలుగు రెట్లు ఆలస్యం. నిజం సిస్టమ్‌లు ఆ నమూనా అంత శుభ్రంగా ఉండవు, ఇంకా ఘోరంగా ఉంటాయి, ఎందుకంటే మన ట్రాఫిక్ గుంపులు గుంపులుగా వస్తుంది.

ఎక్కువ మంది టెనెంట్లు ఉండటంలో ఒక లాభం కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. వంద మంది ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా హెచ్చుతగ్గులు చూపిస్తుంటే, మొత్తం లోడ్ వంద రెట్లు అవుతుంది, ఒడిదుడుకులు మాత్రం వర్గమూలం లెక్కన పది రెట్లే అవుతాయి. ఒకడు లేస్తుంటే ఇంకొకడు పడుతుంటాడు. ఉమ్మడి క్లస్టర్, అంటే అందరూ పంచుకునే మెషీన్ల గుంపు, చవక అవ్వడానికి అసలు కారణం ఇదే. కానీ దీనికి రెండు షరతులు. ఒకటి, ఎవరూ మిగతావాళ్ల కంటే మరీ పెద్దవాడు అయి ఉండకూడదు. రెండు, అందరూ ఒకేసారి లేవకూడదు. రెండో షరతుని మనమే పాడు చేస్తాం. షెడ్యూల్ పెట్టమంటే ప్రతి మనిషీ సున్నా నిమిషం ఎంచుకుంటాడు. అర్ధరాత్రి 12 గంటల సున్నా నిమిషానికి ప్రపంచంలో సగం జాబ్‌లు లేస్తాయి, మనం దాన్ని 'ఊహించని ట్రాఫిక్' అని రిపోర్టులో రాస్తాం! షెడ్యూల్ చేసే సదుపాయం మీరే ఇస్తుంటే, మొదలయ్యే సమయానికి కొన్ని నిమిషాల జిట్టర్, అంటే యాదృచ్ఛికమైన తేడా, కలపండి. ఇంత తక్కువ కోడ్‌తో ఇంత లాభం ఇచ్చే పని నాకు ఇంకోటి కనిపించలేదు.

ఇక ఏం కొలవాలి? చాలామంది సీపీయూతో మొదలుపెడతారు. వెబ్ సర్వర్‌కి అది ఫర్వాలేదు. డేటా పైప్‌లైన్‌కి అది మోసం చేస్తుంది. వర్కర్ డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సీపీయూ 15 శాతం చూపిస్తుంది. క్యూ మాత్రం కొండలా పెరుగుతుంటుంది. సీపీయూ తక్కువగా ఉంది కదా అని ఆటోస్కేలర్ ఉన్న వర్కర్లని కూడా తీసేస్తుంది. ఈ గ్రాఫ్ ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ సీపీయూ జోలికి పోరు.

అందుకని క్యూ పొడవుకి మారతారు. 2019లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్ కలిసి మొదలుపెట్టిన కేడా ఇలాంటి వాటికే పుట్టింది, క్యూలో ఎంత పేరుకుందో చూసి పాడ్‌లు పెంచుతుంది. మంచిదే. కానీ పొడవు ఒక్కటే చూస్తే ఏమవుతుందో మన లెక్కలోనే చూడండి. పాడ్‌కి 10,000 ఈవెంట్ల ల్యాగ్, అంటే బాకీ, చొప్పున టార్గెట్ పెట్టారనుకోండి. 20 లక్షలు పేరుకున్నాయి కాబట్టి 200 పాడ్‌లు కావాలంటుంది. మీ కాఫ్కా టాపిక్‌లో, అంటే ఆ క్యూలో, ఉన్నవి 48 పార్టిషన్లు. ఒక కన్స్యూమర్ గ్రూపులో ఒక పార్టిషన్‌ని ఒక్క కన్స్యూమరే చదవగలదు. అంటే 152 పాడ్‌లు పని లేకుండా జీతం తీసుకుంటాయి. కేడా ఈ విషయం తెలిసి, మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప పార్టిషన్ల సంఖ్య దాటనివ్వదు. సొంతంగా రాసుకున్న స్కేలర్లు మాత్రం దాటేస్తాయి. పార్టిషన్లు పెంచేద్దామా అంటే, అప్పుడు ఏ కీ, అంటే ఈవెంట్ మీద ఉండే గుర్తు, ఏ పార్టిషన్‌కి వెళ్తుందో మారిపోతుంది, ఒకే కీ ఈవెంట్ల వరస చెదురుతుంది. ట్రాఫిక్ మీద పడ్డాక చేసే పని కాదది.

సరైన ప్రశ్న, క్యూ ఎంత పొడవు అన్నది కాదు. వరసలో ఉన్న పాత ఈవెంట్ వయసు ఎంత, దాన్ని ఎంతసేపట్లో తీర్చాలని మనం అనుకుంటున్నాం, ఇవీ ప్రశ్నలు. లెక్క చాలా సులువు. వస్తున్న వేగానికి, పేరుకున్నదాన్ని తీర్చదలచిన సమయంతో భాగించి కలపండి. ఆ మొత్తాన్ని ఒక్క వర్కర్ వేగంతో భాగించండి. పేరుకున్న 20 లక్షలని 20 నిమిషాల్లో తీర్చాలంటే సెకనుకి సుమారు 1,667. వస్తున్నవి 1,000. మొత్తం 2,667. ఒక్కో వర్కర్ 125. అంటే 22 వర్కర్లు. అదే క్యూ, అదే ఉప్పెన, ఒక లెక్క 200 అంటుంది, ఇంకో లెక్క 22 అంటుంది. తేడా అంతా ప్రశ్న అడిగిన తీరులోనే ఉంది.

ఆ వయసుని టెనెంట్ వారీగా కొలవండి. సగటు వద్దు. వెయ్యి మందిలో ఒక్కడు గంట వెనకబడితే సగటు నాలుగు సెకన్లు కూడా చూపించదు.

ఇప్పుడు 22 వర్కర్లు వచ్చాయి. వాటి వెనక ఉన్న డేటాబేస్‌ని ఎవరైనా అడిగారా? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో కనెక్షన్ల పరిమితి మనం మార్చకపోతే 100. ఒక్కో వర్కర్ 8 కనెక్షన్ల పూల్ పెట్టుకుంటుందనుకుందాం. 10 వర్కర్లకి 80, హాయిగా సరిపోయింది. 22కి 176. పదమూడో వర్కర్ నుంచి కనెక్షన్ దొరకదు, లేవగానే పడిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. పరిమితి పెంచితే కనెక్షన్లు దొరుకుతాయి, అప్పుడు డిస్క్ దగ్గరో, లాక్‌ల దగ్గరో గుంపు పోగవుతుంది, ఒక్కో వర్కర్ వేగం 125 నుంచి 60కి పడిపోతుంది. ఆటోస్కేలర్ అది చూసి ఏమనుకుంటుంది? ఇంకా వర్కర్లు కావాలనుకుంటుంది. పొయ్యి ఒకటే ఉన్న వంటింట్లోకి వంటవాళ్లని తోస్తూ పోవడమే ఇది. అందుకే స్కేలర్‌కి ఒక నియమం తప్పకుండా ఉండాలి: వర్కర్లు పెంచాక మొత్తం వేగం పెరగకపోతే, పెంచడం ఆపి మనిషిని లేపు. ఇది చాలా తక్కువ చోట్ల చూస్తాను.

పెంచడమే ప్రమాదం తెచ్చిన సంఘటన ఒకటి అందరికీ తెలిసిందే ఉంది, దాని మీద అమెజాన్ వివరంగా రాసింది కూడా. 2020 నవంబర్ 25. నార్త్ వర్జీనియా రీజియన్‌లో కైనెసిస్ సర్వీస్. డేటా స్ట్రీమ్‌లకి వాడేది, మన సబ్జెక్ట్‌కి అచ్చంగా సరిపోయేది. దాని ముందు వరసలో వేల సర్వర్లు ఉంటాయి. ఒక్కో సర్వర్, ఆ వరసలో ఉన్న ప్రతి ఇతర సర్వర్‌తో మాట్లాడటానికి ఒక్కో థ్రెడ్, అంటే లోపల విడిగా నడిచే చిన్న పని, పెట్టుకుంటుంది. తెల్లవారుజామున కొంచెం సామర్థ్యం కలిపారు. కొంచెమే. కానీ ఒక సర్వర్ చేరితే, ఆ ఒక్కదాని దగ్గరే కాదు, అన్నింటి దగ్గరా ఒక్కో థ్రెడ్ పెరుగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టిన థ్రెడ్ల పరిమితిని వరస మొత్తం ఒకేసారి దాటేసింది. ఏ డేటా ఏ వెనక సర్వర్‌కి పంపాలో చెప్పే పట్టికని అవి కట్టుకోలేకపోయాయి, రిక్వెస్ట్‌లు ఎటు పంపాలో తెలియలేదు.

అక్కడితో ఆగలేదు. అమెజాన్ కొలతల సర్వీస్ క్లౌడ్‌వాచ్ తన మెట్రిక్స్‌కి కైనెసిస్ మీదే ఆధారపడుతుంది. మెట్రిక్స్ ఆలస్యమయ్యాయి. మెట్రిక్స్ చూసి పనిచేసే కస్టమర్ల ఆటోస్కేలింగ్ కూడా ఆలస్యమైంది. అంటే ఇల్లు కాలుతున్నప్పుడే వాచ్‌మన్ కళ్లకి గంతలు కట్టినట్టయింది. సర్వర్లని మళ్లీ లేపడానికి కూడా గంటకి కొన్ని వందల చొప్పున మాత్రమే వీలైంది, ఎందుకంటే లేచే సర్వర్ పట్టిక కట్టుకోవడానికే బోలెడు వనరులు తింటుంది. పూర్తిగా సర్దుకునేసరికి రాత్రి పది దాటింది. వాళ్లు మొదట చేసిన దిద్దుబాటు ఏంటో తెలుసా? ఇంకా పెద్ద సర్వర్లు తీసుకుని, మొత్తం సంఖ్య తగ్గించడం.

నాకు ఇందులో రెండు విషయాలు ముఖ్యం. మీ సిస్టమ్‌లో సర్వర్ల సంఖ్యకి వర్గం లెక్కన పెరిగేది ఏదైనా ఉందా అని వెతకండి: అందరూ అందరితో కట్టుకునే కనెక్షన్ల లాంటివి. అలాగే మెట్రిక్ రాకపోతే మీ స్కేలర్ ఏం చేస్తుందో చూడండి. మెట్రిక్ లేకపోవడాన్ని సున్నాగా చదివే కోడ్ నేను ఒకటి కంటే ఎక్కువ చోట్ల చూశాను. లోడ్ సున్నా అనుకుని అది వర్కర్లన్నింటినీ ఇంటికి పంపేస్తుంది. మెట్రిక్ లేనప్పుడు ఉన్నచోటే ఉండాలి.

పంపకం అన్నాను కదా, ఎలా చేయాలో చెప్పకుండా తప్పించుకోను. నెట్‌వర్క్ వాళ్లు దీన్ని మనకంటే ముందే తేల్చేశారు. 1995లో శ్రీధర్, వర్గీస్ అనే ఇద్దరు డెఫిసిట్ రౌండ్ రాబిన్ అనే పద్ధతి ప్రచురించారు, రౌటర్లలో చిన్నా పెద్దా ప్యాకెట్ల కోసం. ప్రతి టెనెంట్‌కి ఒక క్యూ, ఒక ఖాతా. వంతు వచ్చినప్పుడల్లా ఖాతాలో కొంత జమ. ఆ జమ సరిపోయినన్ని పనులు తీసుకుంటాం. మిగిలింది తర్వాతి వంతుకి వెళ్తుంది. క్యూ ఖాళీ అయితే మాత్రం ఖాతా సున్నా చేసేస్తాం, లేకపోతే ఖాళీగా ఉన్నవాడు జమ పోగేసుకుని ఒకేసారి విరుచుకుపడతాడు. ఇందులో అందం ఏంటంటే, లెక్క పనుల సంఖ్యలో కాదు, ఖర్చులో ఉంటుంది. ఒకడి ఈవెంట్ 2 కేబీ, ఇంకొకడి ఫైలు 5 ఎంబీ. ఇద్దరికీ ఒక్కోటి చొప్పున వంతు ఇస్తే అది పంపకం కాదు.

కాఫ్కా వాడేవాళ్లకి ఇక్కడ చిక్కు ఉంది. పార్టిషన్ లోపల వరస మార్చలేం, వేల టెనెంట్లకి వేల టాపిక్‌లు పెట్టడం కూడా తలనొప్పే. ఆచరణలో నడిచేది రెండు దారుల పద్ధతి. మామూలు టాపిక్ ఒకటి, నిదానం టాపిక్ ఒకటి. టెనెంట్ తన వేగం దాటితే తలుపు దగ్గరే అతని ఈవెంట్లని నిదానం దారికి మళ్లిస్తాం. ఒక జాగ్రత్త: మళ్లించాక, వేగం తగ్గింది కదా అని వెంటనే మామూలు దారికి తేకూడదు. నిదానం దారిలో అతని పాత ఈవెంట్లు ఇంకా ఉంటాయి, కొత్తవి వాటిని దాటేసి ముందు వెళ్లిపోతాయి, నిన్నటి బ్యాలెన్స్ ఇవాళ్టి బ్యాలెన్స్ మీద పడుతుంది. అతని పాతవన్నీ తీరేదాకా అక్కడే ఉంచాలి.

వాటాలు మరీ గట్టిగా బిగించినా కష్టమే. అమెజాన్ డేటాబేస్ డైనమోడీబీ బృందం 2022లో యూజ్‌నిక్స్ సదస్సులో ప్రచురించిన పేపర్ చదవండి. మొదట్లో టేబుల్‌కి కొన్న వేగాన్ని పార్టిషన్ల మధ్య సమానంగా పంచేవారు. ఒక పార్టిషన్ మీదే జనం పడితే దాన్ని తిప్పికొట్టేవారు, పక్క పార్టిషన్ల వాటా ఖాళీగా ఉన్నా సరే. డబ్బు కట్టిన కస్టమర్‌కి ఇది అన్యాయంగా కనిపించింది, నిజానికి అన్యాయమే. తర్వాత 300 సెకన్ల వరకు వాడని వాటాని దాచుకుని వాడుకోనిచ్చారు. చివరికి టోకెన్ల లెక్కని, అంటే ఎంత వాడొచ్చో చెప్పే ఖాతాని, పార్టిషన్ల దగ్గరి నుంచి తీసేసి టేబుల్ మొత్తానికి ఒకేచోట పెట్టారు, పార్టిషన్‌కి ఒక గరిష్ఠ పరిమితి మాత్రం ఉంచారు. హామీ వాటా అందరికీ, మిగిలింది అవసరం ఉన్నవాడికి, ఒక కప్పు కింద. నా మట్టుకు నాకు ఇదే సరైన ఆకారం.

షఫుల్ షార్డింగ్ కూడా ఒక్క మాటలో. 8 వర్కర్లలో టెనెంట్‌కి రెండు చొప్పున ఇస్తే 28 జతలు వస్తాయి. ఒక టెనెంట్ విషపు డేటా పంపి తన జతని పడేస్తే, అచ్చంగా అదే జత ఉన్నవాళ్లు మాత్రమే పూర్తిగా పడతారు, మిగతావాళ్లకి కనీసం ఒక వర్కర్ మిగులుతుంది. వర్కర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఈ లెక్క విపరీతంగా మన వైపు మొగ్గుతుంది.

విషపు డేటా అన్నాను కాబట్టి రీట్రైల సంగతి. మూడు అంచెలు, ఒక్కో అంచెలో మూడుసార్లు ప్రయత్నం. కింద డేటాబేస్ తడబడితే ఒక్క రిక్వెస్ట్ 27 అవుతుంది. ఈ నకిలీ ట్రాఫిక్‌ని చూసి ఆటోస్కేలర్ మెషీన్లు పెంచుతుంది. అసలు కారణం పోయినా రీట్రైలే సిస్టమ్‌ని కింద పడేసి ఉంచుతాయి. రీట్రై ఒక్క అంచెలోనే ఉండాలి, దానికి బడ్జెట్ ఉండాలి. అలాగే స్కేలర్‌కి గరిష్ఠ పరిమితి పెట్టకుండా రాత్రి పడుకోవద్దు.

తగ్గించడం గురించి ఎవరూ మాట్లాడరు, పేజర్లు మోగేది మాత్రం అప్పుడే ఎక్కువ. కుబర్నెటీస్ మామూలుగా తగ్గించే ముందు 5 నిమిషాలు ఆగి చూస్తుంది, అది మంచి అలవాటు. కానీ పాడ్‌ని ఆపమని చెప్పాక 30 సెకన్లే గడువు ఇస్తుంది. మీ పని నాలుగు నిమిషాలది అయితే, మూడున్నర నిమిషాల పని గంగలో కలిసి, ఇంకో వర్కర్ మొదటి నుంచి చేస్తుంది. సగం రాసిన రికార్డులు మళ్లీ రాస్తుంది. గడువు పెంచండి, పనిని చిన్న ముక్కలు చేయండి, రెండుసార్లు రాసినా ఒక్కసారి రాసినట్టే ఉండేలా చూసుకోండి. ఫ్లింక్ లాంటి స్టేట్ ఉన్న, అంటే ఇప్పటిదాకా కట్టిన లెక్కలని తనలోనే దాచుకునే, సిస్టమ్ అయితే ప్రతి మార్పుకీ స్టేట్ చేతులు మారాలి, కాబట్టి అక్కడ చీటికీ మాటికీ స్కేల్ చేయకండి.

ముందే ఊహించి పెంచడం గురించి ఎక్కువ చెప్పను. నెట్‌ఫ్లిక్స్ 2013లోనే స్క్రయర్ అనే దాంతో చేసి చూపించింది. రోజువారీ ఆటుపోట్లకి బాగా పనిచేస్తుంది. మన 20 లక్షల టెనెంట్‌ని మాత్రం ఏ మోడలూ పసిగట్టలేదు. అతను ముందు రోజు ఒక ఈమెయిల్ పంపితే అది ఏ మోడల్ కన్నా మేలు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

[ప్రశ్న: పెద్ద టెనెంట్లకి విడిగా క్లస్టర్ ఇచ్చేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?]

ఒకరిద్దరికి ఇవ్వండి, తప్పు లేదు. ఉమ్మడి లోడ్‌లో పావు వంతు ఒక్కడిదే అయితే నేనూ ఇచ్చేస్తాను, వర్గమూలం లెక్క అతనితో ఎలాగూ కుదరదు. కానీ అది అలవాటు చేసుకుంటే ఏడాది తిరిగేసరికి నలభై క్లస్టర్లు, నలభై వెర్షన్లు ఉంటాయి, ఒక్కోటి విడివిడిగా మిగులు పెట్టుకుంటుంది. ఇంకో మాట, రేపు పెద్దవాడు ఎవరవుతాడో ఇవాళ తెలియదు. విడి క్లస్టర్లు నిన్నటి పెద్దవాళ్ల కోసం ఉంటాయి.

[ప్రశ్న: వాడకం లేనప్పుడు సున్నాకి తగ్గించడం మంచిదేనా?]

టెనెంట్ ఎంతసేపు ఆగగలడో దాన్ని బట్టి. ఫైర్‌క్రాకర్ లాంటి చిన్న వర్చువల్ మెషీన్ దాదాపు 125 మిల్లీసెకన్లలో లేస్తుంది, కాబట్టి మెషీన్ లేవడం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. లోపల మీ అప్లికేషన్ లేవడానికి 40 సెకన్లు పడితే మాత్రం మొదటి రిక్వెస్ట్ పంపినవాడు ఆ 40 సెకన్లూ మోస్తాడు. రాత్రి బ్యాచ్‌కి సున్నా పెట్టండి. మనిషి ఎదురుచూసే చోట ఒకటి రెండు నిలబెట్టి ఉంచండి.

[ప్రశ్న: ఇదంతా సరిగా ఉందో లేదో ట్రాఫిక్ రాకముందే ఎలా తెలుస్తుంది?]

లోడ్ టెస్ట్ అంటే అందరూ మొత్తం ట్రాఫిక్‌ని రెట్టింపు చేస్తారు. దానివల్ల పంపకం గురించి ఏమీ తెలియదు. నిజం ట్రాఫిక్ ఒక గంట రికార్డు చేసి పెట్టుకోండి. దాన్ని మళ్లీ నడిపేటప్పుడు ఒకే ఒక్క టెనెంట్‌ది 50 రెట్లు చేయండి. అప్పుడు ఆ టెనెంట్ గ్రాఫ్ చూడకండి, అందరికంటే చిన్న టెనెంట్ పాత ఈవెంట్ వయసు చూడండి. ముందు ఆటోస్కేలర్ ఆపేసి ఒకసారి నడపండి, తర్వాత ఆన్ చేసి ఇంకోసారి. ఆపేసినప్పుడు చిన్నవాడి గీత కదలకపోతే మీ పంపకం బాగుంది. ఆన్ చేసినప్పుడు మాత్రమే గీత చదునుగా ఉంటే, ఇందాకటి నాలుగు నిమిషాల సంగతి మీకు ఇంకా మిగిలే ఉంది.